నాలుగు వేళ్ల జాంగీఫ్: స్ట్రీట్ ఫైటర్ 6 మీద నా మాట

మాది విజయవాడ, సింగ్‌నగర్. గవర్నరుపేటలో డీటీపీ పని చేస్తాను. పెళ్లి కార్డుల దగ్గర్నుంచి కవితా సంపుటాల దాకా ఏదొస్తే అది. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు చేతులు కీబోర్డు మీదే ఉంటాయి. వయసు 46. ఒక గేమ్ గురించి రాస్తూ ఇదంతా ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఫైటింగ్ గేముల మీద మాట్లాడేవాళ్లు ఫలానా క్యారెక్టర్ బలమైనది, ఫలానాది పనికిరాదు అని వరసలు వేస్తారు గానీ, తాము ఏ చేతులతో, దేనిమీద, ఎలాంటి నెట్ మీద ఆడుతున్నారో చెప్పరు. అది తెలియకుండా బ్యాలన్స్ (క్యారెక్టర్ల బలాల సమతూకం) గురించి చెప్పే మాట సగం మాటేనని రెండేళ్లుగా స్ట్రీట్ ఫైటర్ 6 ఆడాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చింది 1991లో. మా దాకా వచ్చేసరికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఏలూరు రోడ్డు నుంచి లోపలికి ఒక సందులో వీడియో గేముల షాపు ఉండేది. రూపాయికి ఒక టోకెను. చాలామంది ముస్తఫా గేమ్ చుట్టూ మూగేవాళ్లు. ఫైటింగ్ మిషన్ దగ్గర నిలబడ్డవాళ్లు ఎక్కువగా ర్యూనో, కెన్‌నో పట్టుకునేవాళ్లు. జాంగీఫ్ అనే రష్యన్ పహిల్వాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. నడక నిదానం, ఒళ్లు పెద్దది, దూరం నుంచి విసరడానికి చేతిలో ఏమీ లేదు. కానీ దగ్గరికి చేరితే ఎత్తి గాల్లో తిరగేసి నేలకు కొట్టే ఆ పట్టు ఉంది చూశారూ, స్క్రూ పైల్‌డ్రైవర్, దాన్ని బ్లాక్ చేయడం కుదరదు. దానికోసం స్టిక్కును గుండ్రంగా ఒక చుట్టు తిప్పి పంచ్ కొట్టాలి. తిప్పేటప్పుడు స్టిక్కు పైకి తగిలిందా, మనవాడు ఎగిరిపోతాడు, పట్టు తప్పిపోతుంది. నాకంటే పెద్ద కుర్రాడు ఒకడు అది చేసి చూపించాడు. ఆ రోజు నుంచి నేను జాంగీఫ్ మనిషిని.

ఇక అసలు గేమ్. స్ట్రీట్ ఫైటర్ 6 విడుదలైంది 2023 జూన్ 2న. మొదట 18 మంది ఉన్నారు, ఆ తర్వాత ఏడాదికి నలుగురు చొప్పున కలుస్తున్నారు. కొత్తవాళ్లను విడిగా కొనుక్కోవాలి. నేను పీసీ మీద డిస్కౌంట్‌లో కొన్నాను. ఇందులో కంట్రోల్స్ రెండు రకాలు. క్లాసిక్ అంటే పాత పద్ధతి: మూడు పంచ్‌లు, మూడు కిక్‌లు, స్టిక్కు తిప్పుళ్లు. మోడర్న్ అంటే కొట్టడానికి మూడే బటన్లు, స్పెషల్‌కు (ఒక్కో క్యారెక్టర్ సొంత దెబ్బకు) ఒక బటన్, కాంబోలు (వరస దెబ్బలు) వాటంతటవే వచ్చేలా చేసే అసిస్ట్ బటన్ ఒకటి. క్లాసిక్‌లో కెన్‌కు షోర్యుకెన్ (ఎగిరి వచ్చినవాణ్ణి పడేసే పైకి గుద్దు) కావాలంటే ముందుకు, కిందికి, ఏటవాలుగా ముందుకు కొట్టి పంచ్ నొక్కాలి. మోడర్న్‌లో ముందుకు నొక్కి స్పెషల్ బటన్ కొడితే చాలు, అయిపోయింది.

ఆ సుఖానికి వెల ఉంది. బటన్ దారిలో వచ్చిన స్పెషల్ దెబ్బ 20 శాతం తగ్గుతుంది. కావాలంటే మోడర్న్‌లో ఉంటూనే పాత తిప్పుడు తిప్పి పూర్తి దెబ్బ తీసుకోవచ్చు. ఇంకో కోత ఏమిటంటే, బటన్లు తక్కువ కాబట్టి ప్రతి క్యారెక్టర్‌కూ కొన్ని మామూలు గుద్దులు, తన్నులు అసలుండవు. ఈ కోతలు న్యాయంగా ఉన్నాయా లేదా అన్నదాని మీద మా ఇంట్లోనే రెండు పార్టీలు.

గుంటూరులో మా అక్క కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తాడు. వాడిది మోడర్న్ కెన్. మొదట్లో వాడితో ఆడినప్పుడు నేను ఎగిరిన ప్రతిసారీ షోర్యుకెన్‌తో కింద పడేసేవాడు. ఒక్కటి కూడా తప్పేది కాదు. "ఒరేయ్, ఇది నువ్వు కొడుతున్నావా, గేమే కొడుతోందా?" అన్నాను ఉక్రోషంగా. వాడు స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పకుండానే, "మావయ్యా, నువ్వు ఎగురుతావని కనిపెట్టింది నేనేగా. వేళ్లు తిప్పడంలో మాత్రమే నాకు తోడు దొరికింది" అన్నాడు.

ఆ మాట వారం రోజులు నా బుర్రలో తిరిగింది. ఎందుకంటే అది మా డీటీపీ వాళ్లలో ఎప్పుడూ నడిచే తగాదానే. అను ఫాంట్లలో ఆపిల్ కీబోర్డు నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కోసం గుడిదీర్ఘం, ఒత్తు, ఇంకో ఒత్తు అన్నీ వరసగా కొట్టాలి, వరస తప్పితే అక్షరం విరిగిపోతుంది. ఇప్పుడు పిల్లలు ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు దానంతటదే వస్తోంది. మొదట్లో నాకూ కష్టంగానే ఉండేది, ఇన్నేళ్ల మా కష్టానికి అర్థమేమిటని. కానీ మంచి వాక్యం రాసేవాడు ఏ కీబోర్డు మీదైనా మంచి వాక్యమే రాస్తాడు. చెడ్డ వాక్యం నేను ఎంత వేగంగా కంపోజ్ చేసినా చెడ్డదే. తేడా ఒకచోట మాత్రం నిజంగా ఉంటుంది: అర్జెంటుగా ఒక్క ముక్క దిద్దాల్సి వచ్చినప్పుడు ఎవరి చెయ్యి ముందు చేరుతుందో అక్కడ.

ఫైటింగ్ గేమ్‌లో అన్నీ అర్జెంటు పనులే. అసలు చిక్కంతా అక్కడుంది. ఈ గేమ్ సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు, నడుస్తుంది. ఎదుటివాడు ఎగరడం చూసి, ఇది ఎగురుడు అని మెదడుకు తట్టేసరికే పదిహేను ఫ్రేములు పోతాయి. అప్పుడు క్లాసిక్ షోర్యుకెన్ తిప్పుడుకు ఎంత చురుకైన చెయ్యికైనా ఇంకో అయిదారు ఫ్రేములు కావాలి. మోడర్న్‌కు ఒక్క నొక్కు చాలు. నేనొక రాత్రి ట్రైనింగ్ మోడ్‌లో కూర్చుని, బొమ్మ ఎప్పుడు ఎగురుతుందో, ఎప్పుడు నిలబడుతుందో ముందు తెలియకుండా రికార్డు చేసి పెట్టుకుని, క్లాసిక్ కెన్‌తో యాభై ఎగురుళ్లు ఎదుర్కొన్నాను. సగం కూడా ఆపలేకపోయాను. మోడర్న్‌కు మార్చి మళ్లీ యాభై ఎదుర్కొంటే పదింటిలో ఏడెనిమిది ఆగాయి. మనిషిని నేనే, కళ్లూ అవే.

అంటే షోర్యుకెన్ కష్టంగా ఉండటమే దాని ధర. ఎగిరి వచ్చినవాణ్ణి కచ్చితంగా కింద పడేసే ఆయుధం కెన్‌కు ఉంది గానీ, ప్రతిసారీ చేతికి అందదు. ఆ అందకపోవడాన్ని లెక్కలో వేసుకునే ఇన్నేళ్లూ ఎదుటివాళ్లు ధైర్యంగా ఎగిరారు. మోడర్న్ ఆ ధరను తీసేసి ఇంకోచోట వసూలు చేస్తోంది, 20 శాతం దెబ్బ రూపంలో. షోర్యుకెన్ విషయంలో ఆ మారకం నాకు న్యాయంగానే తోచింది. మూడో స్థాయి సూపర్ (మీటరు నింపుకుని కొట్టే అన్నిటికంటే పెద్ద దెబ్బ) విషయంలో మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. దూరం నుంచి బంతి విసిరినవాడి మీద చూసీ చూడగానే రెండు బటన్లు కలిపి కొట్టి సూపర్ తీయగలిగితే, దెబ్బ ఎంత తగ్గినా ఎదుటివాడు బంతి విసరడమే మానేస్తాడు. ఆ భయానికి కోత లేదు.

నా చేతుల సంగతికి వస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు మా సింగ్‌నగర్‌ని ముంచాయి. మాది కింది ఇల్లు. పైవాళ్ల డాబా మీద రోజులు గడిపాం. లాప్‌టాప్, పిల్లల సర్టిఫికెట్లు అటక మీద పెట్టాం, బతికాయి. టీవీ స్టాండు కింది అరలో ఉన్న గేమ్‌ప్యాడ్ బురదలో దొరికింది. ఇల్లు కడుక్కోవడం, బీరువా, మంచాలు, మిక్సీ, ఇవన్నీ చూసుకున్నాక ప్యాడ్ కొనే స్థితి చాలా నెలలు లేదు. అప్పుడు కీబోర్డు మీద ఆడటం మొదలుపెట్టాను.

మొదటి వారం ప్లాటినమ్ ర్యాంకు నుంచి చూస్తుండగానే దిగజారాను. ఆఫీసుల్లో వాడే చవక కీబోర్డుకు ఒక జబ్బు ఉంది. లోపల వైర్లు అడ్డం నిలువు గళ్లలా ఉంటాయి కాబట్టి, కొన్ని మీటలు మూడు కలిపి నొక్కితే ఒకదాన్ని మింగేస్తుంది. కిందికీ ముందుకీ నొక్కి పంచ్ కొడితే పంచ్ రాదు. టైపింగ్‌లో అది ఎప్పుడూ బయటపడలేదు. చివరికి మూడు వేల లోపు ఒక మెకానికల్ కీబోర్డు కొన్నాక ఆ బాధ తీరింది. ఈ గేమ్ కీబోర్డు మీద ఆడాలనుకుంటే ముందు ఆ పరీక్ష చేసుకోండి: నాలుగు దిశల మీటల్లో ఏ రెంటినో పట్టుకుని, దెబ్బల మీటలు ఒక్కొక్కటీ నొక్కి చూడండి.

ఇప్పుడు జాంగీఫ్ చుట్టు. ప్యాడ్ మీద బొటనవేలు గిరగిరా తిప్పేవాణ్ణి, గంట ఆడితే మణికట్టు లాగేది. కీబోర్డు మీద నా అమరిక ఇది: ఉంగరపు వేలు ఎ మీద, వెనక్కి. నడిమి వేలు ఎస్ మీద, కిందికి. చూపుడు వేలు డి మీద, ముందుకు. బొటనవేలు స్పేస్ మీద, పైకి. బల్ల దగ్గర కూర్చుని ఎవరికోసమో ఎదురుచూస్తూ వేళ్లు వరసగా టకటకలాడిస్తామే, సరిగ్గా అదే కదలిక. ఉంగరం, నడిమి, చూపుడు, బొటన, వెంటనే కుడి చేత్తో పంచ్. నాలుగు దిక్కులూ వరసగా తగిలితే చుట్టు పూర్తయినట్టే గేమ్ లెక్కేస్తుంది, మూలలన్నీ తాకాల్సిన పని లేదు. ఆఖర్న పైకి నొక్కాంగా, ఎగరడా? నొక్కగానే ఎగరడు. కాళ్లు నేల వదలడానికి ముందు కొన్ని ఫ్రేములు మోకాళ్లు వంచుతాడు. ఆ లోపు పంచ్ పడితే ఎగురుడు రద్దయి పట్టు వచ్చేస్తుంది. రెప్పపాటు వ్యవధి. మొదట్లో పదిసార్లకు ఆరుసార్లు గాల్లోకి లేచేవాడు. రోజూ పనికి వెళ్లేముందు టిఫిన్ దగ్గర బల్ల మీద వేళ్లు ఆడిస్తూనే ఉండేవాణ్ణి, మా ఆవిడ "చెయ్యి వణుకుతోందా ఏంటండీ?" అని భయపడి అడిగింది కూడా. రెండు నెలలకు చెయ్యి కుదిరింది. నిలబడ్డచోటు నుంచి, ఏ ముందస్తు సూచనా లేకుండా పట్టు తీయగలుగుతున్నాను. ఇరవై ఏళ్ల టైపింగ్ అంతా ఆ నాలుగు వేళ్లలోకి వచ్చి నిలబడ్డట్టు అనిపించింది.

పెద్ద పోటీల్లో చాలామంది స్టిక్కు లేని, అన్నీ బటన్లే ఉన్న లీవర్‌లెస్ పెట్టెలు వాడుతున్నారు. వాటిలోనూ ఎగరడం బొటనవేలి కిందే ఉంటుంది. కీబోర్డు ఆ జాతిదే. స్టిక్కు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మధ్యలో ప్రయాణం చేయాలి, వేలు చేయక్కర్లేదు. అంటే అదే జాంగీఫ్ నాకు ప్యాడ్ మీద ఒక క్యారెక్టర్, కీబోర్డు మీద ఇంకో క్యారెక్టర్. ఏ ప్యాచ్ (గేమ్ చేసినవాళ్లు పంపే సవరణ) వల్లా కాదు, నా చేతుల్లోనే బలపడ్డాడు. మోడర్న్ జాంగీఫ్‌కు అయితే ఆ పట్టు ఒక్క బటన్. చెయ్యి నొప్పి ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా అదే తీసుకోండి. నేను క్లాసిక్‌లో ఉండిపోవడం ఇష్టం కొద్దీ.

ఇక బ్యాలన్స్. ప్రాణం అందరికీ సమానంగా ఇవ్వలేదు, అది మంచి పని. మామూలుగా 10,000. జాంగీఫ్‌కు 11,000. 2024 మేలో వచ్చిన అకూమా చేతిలో లేని ఆయుధం లేదు, అందుకే 9,000. ఎవరి బలానికి ఎవరు ఏం చెల్లిస్తున్నారో అంకెలోనే కనిపిస్తుంది. అప్పుడప్పుడూ వచ్చే పెద్ద ప్యాచ్‌లతో మొదట్లో మరీ వెనకబడినవాళ్లను పైకి తెచ్చారు. మొదటి ఏడాది లిలీ అనే క్యారెక్టర్‌తో గెలవడం గగనంగా ఉండేది, ఇప్పుడు ఆమెతో వచ్చేవాళ్లను తేలిగ్గా తీసుకోను. ఏ ఇద్దరు తలపడినా ఆశ లేని ఆట ఇప్పుడు దాదాపు లేదు.

దాదాపు అని ఎందుకన్నానంటే జేపీ ఉన్నాడు. కర్ర పట్టుకున్న పెద్దమనిషి. నేలలోంచి ముళ్లు లేపుతాడు, గాల్లో ద్వారాలు తెరుస్తాడు, స్క్రీన్ అవతలి చివర నిలబడే సగం ప్రాణం తీసేస్తాడు. జాంగీఫ్ ఒక్కో అడుగూ వేసుకుంటూ, ఒక్కో ముల్లూ ఆపుకుంటూ దగ్గరికి చేరేసరికి గడియారంలో సగం అయిపోతుంది. చేరాక ఒక్క పట్టు పడితే నాలుగో వంతు ప్రాణం, ఆ తర్వాత అతను మూలకు పోతే ఇంకో పట్టు. ఆ ఆటలో ఓడిపోయినా నాకు కోపం రాదు. నడిచి వెళ్లిన దూరం నాదే, తప్పటడుగు కూడా నాదే.

కోపం వచ్చేది డ్రైవ్ రష్ మీద. ఈ గేమ్‌లో ప్రతివాడికీ ప్రాణం కింద ఆరు గళ్ల డ్రైవ్ మీటరు ఉంటుంది. దాన్ని ఖర్చుపెట్టి దెబ్బలకు బలం పెంచుకోవచ్చు, దెబ్బను ఓర్చుకుని ఎదురు గుద్దొచ్చు (డ్రైవ్ ఇంపాక్ట్), మీదికి దూసుకుపోవచ్చు (డ్రైవ్ రష్). మీటరు పూర్తిగా కరిగిపోతే బర్నవుట్: బ్లాక్ చేసినా ప్రాణం అరుగుతుంది, మూలలో డ్రైవ్ ఇంపాక్ట్ తగిలితే కళ్లు తిరిగి నిలబడిపోతాడు. గేమ్ మొదట్లోనే నిండుగా మీటరు చేతికిచ్చి, ఎప్పుడు ఖర్చుపెడతావో నీ ఇష్టం అనడం ఎంత మంచి ఆలోచనో. కానీ దూసుకుపోయే రష్ మిగతావాటిని మింగేసింది. దాని వేగం బాగున్నవాళ్లు పైవరసలో, లేనివాళ్లు కిందివరసలో. పద్దెనిమిది మందికి పద్దెనిమిది నడకలు ఇచ్చి, అందరి చేతా ఒకే పరుగు తీయించినట్టుంది. దానికితోడు మూలకు చేరాక త్రో (పట్టుకుని విసరడం), మళ్లీ త్రో, లేదా త్రో అనిపించి దెబ్బ, ఈ చక్రం. అది విప్పుకునే దారి ఇంకా సుళువుగా ఉండాలి.

టెక్కెన్ 8 అనే ఇంకో ఫైటింగ్ గేమ్ కూడా కొన్నాళ్లు ఆడాను. అందులో సులువు పద్ధతిని ఆట మధ్యలోనే ఒక్క బటన్‌తో పెట్టుకోవచ్చు, తీసేయొచ్చు. ఆ ఒక్క సంగతి అక్కడే బాగుంది.

ఆన్‌లైన్ గురించి. మన ఊళ్లో ఎదురుగా కూర్చుని ఆడేవాడు దొరకడం తక్కువ కాబట్టి గేమ్ బతుకంతా నెట్ మీదే. ఇందులో వాడింది రోల్‌బ్యాక్. అదేమిటో మా పనిలోంచే చెప్తాను. రచయిత పక్కన కూర్చుని చెప్తుంటే నేను కంపోజ్ చేస్తున్నాననుకోండి. ఆయన ఆగినప్పుడల్లా నేనూ ఆగితే పని సాగదు. పాత గేముల్లో అలాగే, అవతలివాడి బటన్ కబురు వచ్చేదాకా మన బొమ్మ కూడా బురదలో నడిచినట్టు ఉండేది. రోల్‌బ్యాక్‌లో నేను ఆగను. ఇప్పటిదాకా చెప్పిన తీరులోనే చెప్తాడని ఊహించి కొట్టుకుంటూ పోతాను. ఊహ సరిపోతే ఎవరికీ తెలియదు. తప్పితే వెనక్కి వెళ్లి చెరిపి, అసలు మాట పెట్టి, ముందుకు వచ్చేస్తాను. అదంతా రెప్పపాటులో. స్క్రీన్ మీద అది చిన్న గెంతులా కనిపిస్తుంది.

హైదరాబాదు, బెంగుళూరు వాళ్లతో ఆడితే ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుంది. రాత్రి పదిన్నర దాటితే మనవాళ్లు తగ్గిపోతారు, గల్ఫ్ వైపు నుంచో సింగపూర్ వైపు నుంచో జోడీ దొరుకుతుంది. అక్కడ లెక్క మారుతుంది. పోయి రావడానికి 100 మిల్లీసెకన్లు పడితే, అవతలివాడి కబురు నాకు చేరడానికి 50, అంటే 3 ఫ్రేములు. డ్రైవ్ ఇంపాక్ట్ మొదలై తగలడానికి 26 ఫ్రేములు. ఆ మొదటి మూడూ నేను చూడను, నాకు మిగిలేది 23. ఇరవై ఏళ్లవాడికి అది చాలు. నాకు అంచు మీద నడక. దూరం పెరిగిన కొద్దీ కళ్లతో చూసి ఆపే క్యారెక్టర్లు బలహీనపడతారు, చూసినా ఆపలేని దెబ్బలున్నవాళ్లు బలపడతారు. నా జాంగీఫ్ రెండో రకం, అంటే దూరం వల్ల లాభపడేది నేను కూడా. ఏ ప్యాచ్ రాసేవాళ్లూ దీన్ని సరిచేయలేరు. గేమ్ చేసిన మంచి ఏమిటంటే, ఆటకు ఒప్పుకునే ముందే ఎదుటివాడి నెట్ ఎన్ని గీతలో, వైరా వైఫైయా అన్నది చూపిస్తుంది. వైఫై గుర్తు కనిపిస్తే నేను వద్దంటాను. నా వైపు కూడా రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు పది మీటర్ల కేబుల్ గోడ వెంట మేకులు కొట్టి లాగాను. అంతకుముందు నా గెంతులు భరించినవాళ్లందరికీ క్షమాపణలు.

వరల్డ్ టూర్ అని కథ మోడ్ ఒకటుంది, పదిహేను గంటలు ఆడి వదిలేశాను. ట్రైనింగ్ మోడ్ మాత్రం ఇంతకుముందు ఏ ఫైటింగ్ గేమ్‌లోనూ చూడనంత బాగుంది. కింద ఫ్రేముల పట్టీ రంగుల్లో నడుస్తూ ఎవరు ముందు లేస్తున్నారో గీసి చూపిస్తుంది. 'ఇది అన్యాయం' అని నేను ఒట్టేసుకున్న దెబ్బల్లో సగం, ఆ పట్టీ చూశాక నేను ఆలస్యంగా లేచినవేనని తేలింది.

వయసైపోయింది, రిఫ్లెక్సులు లేవు అని వెనకాడేవాళ్లకు ఒక్క సంగతి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కి పతకం పెట్టారు. స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూ వయసు అప్పటికి 44. నా ఈడువాడు.

నేను ఇప్పుడు డైమండ్ ర్యాంకులో ఉన్నాను. దాని పైనున్న మాస్టర్‌కు 25,000 పాయింట్లు కావాలి, ఇంకా చాలా దూరం. ర్యాంకు క్యారెక్టర్‌కు విడివిడిగా ఉంటుంది కాబట్టి పక్కన మోడర్న్ కెన్‌ని కూడా మొదలుపెట్టాను, మా మేనల్లుడికి చెప్పకుండా. ఈ సంక్రాంతికి వాడు వస్తాడు. వాడి చేతికి కీబోర్డు ఇచ్చి, ఎ, ఎస్, డి, స్పేస్ నేర్పాలి. ఎస్ మీట మీద అక్షరం అరిగిపోయింది, అది కింది దిశ అని వాడికి చెప్పాలి.